పెళ్లి కాగితం మీద రద్దు ముద్ర

ఎర్ర రబ్బరు ముక్కను ఎడమ బొటనవేలితో పీటకి అదిమిపట్టి, పిన్ని 'ద్దు' కింద వత్తు చెక్కుతోంది. అక్షరాలన్నీ తిరగేసి ఉన్నాయి. సీలు కోసేవాళ్లకి లోకమంతా అద్దంలో చూసినట్టే కనబడాలి. కాగితం మీద పడ్డాకే అది తిన్నగా నిలబడుతుంది. 'ర' ఎవరైనా కోస్తారు. వత్తు దగ్గరికొస్తేనే పనితనం తెలుస్తుంది. బ్లేడు వెంట్రుకవాసి ఎక్కువ దిగిందంటే వత్తు ఊడి ఒళ్లో పడుతుంది. ఆ తర్వాత ఆ సీలు కొనుక్కున్న బ్యాంకు ఏ చెక్కునీ గట్టిగా రద్దు చేసుకోలేదు.

కోర్టు ఎదుటి మేడలో మెట్ల కింద ఉంటుంది ఆ కొట్టు. పైకప్పు మెట్లతో పాటే ఏటవాలుగా దిగుతుంది కాబట్టి లోపలికొచ్చేవాళ్లు తల వంచక తప్పదు. జడ్జి ముందు తప్ప ఎక్కడా వంగని వకీళ్లు కూడా పిన్ని ముందు వంగుతారు. వంగనివాళ్ల నుదుటి మీద మెట్టు తన సీలు తానే వేస్తుంది.

ఆమెని అందరూ సీళ్ల పిన్ని అంటారు. వరసకి ఎవరికి పిన్నో ఎవరికీ తెలీదు. ముందు బల్ల దగ్గర కూర్చునేది ఆమె మొగుడు, అందరికీ బాబాయి. కొత్తవాళ్లు సీళ్లు కోసేది ఆయనే అనుకుంటారు. ఆయన కూడా ఎవరి నమ్మకాన్నీ చెడగొట్టే రకం కాదు. ఆర్డరు రాసుకోవడం, కబుర్లు చెప్పడం, టీ తెప్పించడం ఆయన శాఖ. మిగిలిన చిల్లర పని, అంటే సీలు తయారు చేయడం, పిన్నిది.

పెళ్లికి ముందు పిన్ని చొక్కాల కార్ఖానాలో కాజాలు కుట్టేది. బాబాయి ఎవరో చెప్పగా విని ఈ కొట్టు పెట్టాడు. మొదటి ఆర్డరు ఒక లాడ్జి వాళ్లది. రోజంతా చెమటోడ్చి కోశాడు గానీ అక్షరాలు తిన్నగా కోశాడు. కాగితం మీద కొడితే లాడ్జి పేరు కుడి ఎడమై పడింది. "అద్దంలో చూసుకుంటే బాగానే ఉంది కదండీ," అని మేనేజరుతో వాదించాడు కూడా. మర్నాడు పిన్ని కాజాలు కోసే కత్తి పట్టుకొచ్చి పీట ముందు కూర్చుంది. ఇప్పటిదాకా లేవలేదు. ఎవరూ నేర్పలేదు. పాత చెప్పుల అడుగుల మీద కోసి కోసి తనే పట్టుకుంది. ఆ రోజుల్లో ఆమె చెప్పులేసుకుని వానలో నడిస్తే దారి పొడవునా 'క' 'క' 'క' అని పడేదని బాబాయి చెప్తాడు. బాబాయి చెప్పేవాటిలో సగం తీసేయాలి.

ఇప్పుడు మిషను మీద టీ తాగేలోగా సీలు చేసిచ్చే షాపులు వీధికొకటి ఉన్నాయి. అయినా పిన్ని దగ్గరికి వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. మిషను సీలు ఏడాది తిరిగేసరికి బోడిగుండవుతుంది. పిన్ని కోసిన సీలు ఆఫీసరు రిటైరైనా అరగదు.

ఆమె దగ్గర ఎక్కువగా పోయే సరుకు రద్దు సీలే. బ్యాంకుకి పొడుగ్గా కావాలి, చెక్కు ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలుగా పడాలి. లాడ్జికి చిన్నది కావాలి, రిజిస్టరులో ఒక్క గడిలో ఇమడాలి, లేకపోతే పక్క గడిలో పెద్దమనిషి గది కూడా రద్దయిపోతుంది. బస్సుల ఆఫీసుకి ఎర్ర సిరా లేనిదే తృప్తి ఉండదు. మాట ఒకటే గానీ, గడప మారితే అర్థం మారుతుంది. లాడ్జిలో రద్దంటే సగం సొమ్ము వెనక్కి రావడం. బస్టాండులో రద్దంటే డ్రైవరు రాకపోవడం. ఇంట్లో రద్దంటే ఎవరికో తిక్కరేగడం.

ఇంట్లోకి కూడా ఒక రద్దు సీలు వచ్చి చేరింది. ఒక సినిమా హాలు చేయించుకుని, తీసుకెళ్లేలోపే మూతపడింది. రద్దు సీలుకిచ్చిన ఆర్డరే రద్దయిందని బాబాయి నెలరోజులు దారినపోయేవాళ్లకల్లా చెప్పాడు. ఆ సీలు వంటింటి గూట్లో ఉండేది. పాలు రాని రోజు క్యాలెండరు మీద, నచ్చని చుట్టాల శుభలేఖ మీద, కూతురికి తక్కువ మార్కులొచ్చిన ప్రోగ్రెస్ కార్డు మీద పడేది. కార్డు మీద వేసింది కూతురే. టీచరు పిలిపిస్తే బాబాయి వెళ్లి, "మార్కులు రద్దు చేశాం, మళ్లీ వేయండి," అని అడిగొచ్చాడు. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల కోపమొస్తే నోటికంటే ముందు సీలందుకునేది. తండ్రి ముద్దుగా మిరప అని పిలిచేవాడు. పెళ్లై కాపురానికి వెళ్లేటప్పుడు ఆ సీలు కూడా సంచిలో వేసుకుపోయింది.

పిన్ని వత్తు తవ్వడం పూర్తిచేసి రబ్బరు మీద పొట్టు ఊదుతుండగా ఆ మిరపే వంగి లోపలికొచ్చింది. చేతిలో పెద్ద సంచి.

"వచ్చేశాను," అంది.

"ఎన్నాళ్లకి?" అన్నాడు బాబాయి.

"రద్దు నాన్నా. మొత్తం రద్దు."

ఆమె మొగుడు పెద్దాసుపత్రిలో లిఫ్టులు బాగుచేస్తాడు. మనిషి మంచివాడే గానీ, బటను నొక్కితే తప్ప కదలడు. ఇద్దరూ అతని అన్నగారింట్లో ఉంటున్నారు. హాలుకి అడ్డంగా పరదా కడితే ఇవతల సగం వీళ్ల సంసారం, అవతల సగం తోడికోడలి మిక్సీ, బావగారి దగ్గు. వేరే ఇల్లు చూడమని మిరప ఏడాదిగా అడుగుతోంది. అతను ఏడాదిగా "చూద్దాం" అంటున్నాడు. ఆరోజు పొద్దున కూడా "చూద్దాం" అన్నాడట. అంతే.

సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. కవరులోంచి పెళ్లి సర్టిఫికెట్టు తీసింది. గూటి సీలు బయటకి తీసి, తల్లి పీట పక్కనున్న ప్యాడు మీద అద్ది, ఇద్దరి ఫొటోల మీదుగా ఒక్కటి వేసింది.

పిన్ని కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూసింది. "అంచులు కూడా సమానంగా పడ్డాయి," అంది. "నీ చెయ్యి తిరిగిందే. పో, ఇంటికెళ్లి అన్నం తిను."

మర్నాడు మధ్యాహ్నం అల్లుడొచ్చాడు. తల మెట్టుకి కొట్టుకుంది. లిఫ్టులవాడికి మెట్లంటే మొదట్నుంచీ పడదు.

"అత్తయ్యా, పెళ్లి సర్టిఫికెట్టు ఒరిజినల్ కావాలండీ," అన్నాడు.

"దేనికల్లుడూ, చింపడానికా?" అన్నాడు బాబాయి.

"ఆసుపత్రి క్వార్టర్సు వచ్చింది మావయ్యా. రెండు గదులు. శుక్రవారంలోగా ఒరిజినల్ చూపించాలి. లేకపోతే మాకిచ్చింది రద్దు చేసి లిస్టులో తర్వాతివాళ్లకి ఇచ్చేస్తారు."

ఆరోజు బుధవారం. రబ్బరు షీటు కత్తిరిస్తున్న మిరప కత్తెర పక్కన పెట్టింది.

"ఎప్పుడు పెట్టావు అప్లికేషను?"

"కిందటేడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"వచ్చాక చెబుదామని."

"రాకపోతే?"

"రాకపోతే చెప్పేదేముంది?"

మిరప చెయ్యి అలవాటుగా సీలు కోసం వెళ్లి, దారిలోనే వెనక్కి వచ్చింది. ఇలా జరగడం ఆమె జీవితంలో ఇదే మొదలని బాబాయి తర్వాత అన్నాడు. కవరు తీసి అతని చేతిలో పెట్టింది. అతను కాగితం బయటకి తీసి చూశాడు. ఫొటోల్లో అతని ముఖం మీదుగా 'ర', ఆమె ముఖం మీదుగా 'ద్దు'.

"ఇది ఆఫీసువాళ్లు వేశారా?"

"నేను వేశాను."

"ఊఁ," అన్నాడు. జేబులోంచి ఒక చెక్కు తీశాడు. "దీన్ని కూడా రద్దు చేసి ఇమ్మన్నారు ఆసుపత్రిలో. జీతంలో అద్దె పట్టుకోవడానికి."

బాబాయికి అవకాశం దొరికింది. "ఇదెక్కడి న్యాయమండీ? చెక్కు రద్దు చేస్తేనే తీసుకుంటారంట, పెళ్లి కాగితం రద్దు చేస్తే తీసుకోరంట. ఒక్క ఆఫీసు, రెండు నాలుకలు."

"మీ ఒక్క నాలుకా కాసేపు ఆపండి," అంది పిన్ని. "చెక్కుని రద్దు చేస్తే చచ్చేది డబ్బులు తీయడానికే. ఖాతా నంబరు, బ్యాంకు పేరు అందులో అలాగే ఉంటాయి. వాళ్లకి కావాల్సింది అదే. డబ్బు రాదు, అడ్రసు తెలుస్తుంది." చెక్కు అందుకుని పెన్నుతో అడ్డంగా పెద్దగా రద్దు అని రాసి, అంకెల మీద గీత పడకుండా చూసి ఇచ్చింది. "పెళ్లి కాగితం అలా కాదు. అందులో ఉన్నదే మీరిద్దరూ."

"నిమ్మకాయ రుద్దితే పోదూ?" అన్నాడు బాబాయి. "లేకపోతే బ్లీచింగు. అద్దకంవాడి దగ్గర ఏదో నీళ్లుంటాయి, నల్లకోటు కూడా తెల్లకోటవుతుంది."

"పోదు."

"నీకెలా తెలుసు?"

"సిరా కలిపింది నేను." రద్దు సీళ్లకోసమే ఆమె ఆ సిరా తనే కలుపుకుంటుంది. రద్దైన చెక్కుని ఎవడో కడిగి మళ్లీ బ్యాంకుకి పట్టుకురాకూడదు కదా. అది కాగితం పైన ఆగదు, లోపలికి దిగుతుంది. తన పనితనం మీద ఆమెకి విసుగొచ్చింది ఆ ఒక్కసారే. "పోయినా నేను పోగొట్టను. గవర్నమెంటు కాగితం మీద గోకడం మొదలుపెడితే, మరక పడిన కాగితం కాస్తా దొంగ కాగితమవుతుంది. పదండి ఆఫీసుకి."

రిజిస్ట్రేషన్ ఆఫీసు కోర్టు వెనకే. కిటికీ అవతల గుమాస్తాకి ఒక చెవి మీద పెన్ను, ఇంకో చెవి మీద పెన్సిలు. కాగితం తిప్పి చూశాడు. కళ్లజోడు తీసి చూశాడు.

"ఎవరు వేశారమ్మా ఇది?"

"నేనేనండీ," అంది మిరప.

"నువ్వు జడ్జివా?"

"కాదండీ."

"రిజిస్ట్రారువా?"

"కోపంలో ఉన్నానండీ."

"కోపానికి ఈ ఆఫీసులో పోస్టు లేదు. పెళ్లి రద్దు చేయాలంటే కోర్టు చేయాలి, అది కూడా ఇద్దరి మాటా విన్నాక. కాగితం రద్దు చేయాలంటే మేం చేయాలి, అది కూడా ఆఫీసు పేరు, తేదీ, సంతకం పెట్టి. ఇందులో ఆ మూడూ లేవు. ఇది రద్దు కాదమ్మా, మరక. టీ ఒలికినా ఇంతే."

"అంటే చెల్లుతుందాండీ?" అన్నాడు అల్లుడు.

"మీ పెళ్లి చెల్లుతుంది. కాగితమే చెల్లదు. ఇంత మరకుంటే ఎవడూ పుచ్చుకోడు. ఇంకో ప్రతి ఇస్తాను. మేమిద్దరం మొగుడూపెళ్లాలం, మా కాగితం పాడైంది, ఇంకొకటి ఇప్పించండి అని ఇద్దరూ నా ముందు సంతకాలు పెట్టాలి. ఒక్కరు పెడితే కుదరదు." అప్లికేషను కిటికీలోంచి తోశాడు. చెవి మీది పెన్ను కూడా ఇచ్చాడు.

అల్లుడు వెంటనే సంతకం పెట్టి పెన్ను మిరప వైపు చాపాడు. ఆమె అందుకోలేదు. బయటకెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చుంది. పెన్ను పట్టుకుని అతనూ వెళ్లాడు. వెనకాలే వెళ్లబోయిన బాబాయిని పిన్ని మోచెయ్యి పట్టుకుని ఆపింది. అయినా అక్కడి నుంచి అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"ఈ సంతకం నీకు నేను కావాలనా, క్వార్టర్సు కావాలనా?" అంది మిరప.

అతను పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "క్వార్టర్సు నీకోసమేగా."

"ఏడాదిపాటు చూద్దాం చూద్దాం అని నా ప్రాణం తీశావు. అప్లికేషను పెట్టాను అని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

"పరదా."

"ఏం పరదా?"

"పరదాకి అవతల వదిన వింటుంది. వెళ్లిపోదామనుకుంటున్నామని తెలిస్తే అన్నయ్య బాధపడతాడు. నెమ్మదిగా చెప్పినా వినబడుతుంది. అసలేమీ చెప్పకుండా ఉంటేనే నయం అనుకున్నా. అలా అలవాటైపోయింది. పగలు లిఫ్టులో కూడా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు."

మిరప అతని వైపు తిరిగి కూర్చుంది. "ఇక్కడ పరదా లేదు. మాట్లాడు. పెన్ను తర్వాత."

అతను మాట్లాడాడు. మొదట ముక్కలు ముక్కలుగా, తర్వాత ఆపకుండా. క్వార్టర్సు వెళ్లి చూసొచ్చాడట. వంటింట్లో కొళాయి కారుతుంది, వాషరు మార్చాలి. కిటికీ రెక్క ఒకటి ఊడిపోయింది. రెండో గది మరీ ఇరుకు, మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. అందుకని తలుపు బయటికి తెరుచుకునేలా మార్చాలని మడతబందులు కూడా కొని లిఫ్టు గదిలో దాచాడు. గోడలు మందంగా ఉన్నాయి. అతను గోడకి చెవి ఆనించి, పక్కింటివాళ్లని అటువైపు అరవమన్నాడట. ఏమీ వినబడలేదు. ఇల్లు మూడో అంతస్తు.

"లిఫ్టుందా?"

"లేదు."

మిరప పెదవి కొరుక్కుంది గానీ నవ్వు ఆగలేదు. "లిఫ్టులవాడి పెళ్లాన్ని మూడంతస్తులు ఎక్కిస్తావు."

"సామాన్లు నేను మోస్తాను."

"నన్నూ?"

"ఊఁ," అన్నాడు. ఈసారి ఆ ఊఁ ఆమెకి సరిపోయింది. పెన్ను లాక్కుని లోపలికొచ్చి, గుమాస్తా చూస్తుండగా పూర్తి పేరుతో సంతకం పెట్టింది.

అంతా అయిపోయిందనుకుంటే గుమాస్తా సొరుగు లాగి నిట్టూర్చాడు. కొత్త ప్రతి ఇవ్వాలంటే ముందు పాడైనదాన్ని ఆఫీసు సీలుతో రద్దు చేసి ఫైల్లో పెట్టుకోవాలి. లేకపోతే ఒకే పెళ్లికి రెండు కాగితాలు ఊళ్లో తిరుగుతాయి. ఆ రద్దు సీలు సొరుగులోనే ఉంది. మిషను మీద చేసినది. మధ్యలో పగిలి, సగం రబ్బరు ఊడిపోయి, పిడి మాత్రం కొత్తగా మెరుస్తోంది.

"కొత్తది పంపమని పైకి రాశాం," అన్నాడు. "వస్తుంది."

"ఎప్పుడు?"

"రాసిందెప్పుడో గుర్తుంటే కదమ్మా, వచ్చేదెప్పుడో చెప్పడానికి."

పిన్ని కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ సీలు తీసుకుంది. బొటనవేలితో ముఖం తడిమింది. "ఆర్డరు కాగితం ఇప్పించండి. రేపు మధ్యాహ్నానికి నేను కోసిస్తాను."

"మీ అమ్మాయి కోసమా?"

"మీ ఆఫీసు కోసం. మీ సాహెబు సంతకంతో కాగితం ఇస్తేనే పట్టుకుంటాను. అది లేకుండా గవర్నమెంటు సీలు కోసేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లని ముందున్న కోర్టు బోనులోనే చూడొచ్చు. ఇంకోటి, పాతది నా ముందు పెట్టాలి. పాతది కోసి పారేయందే కొత్తది చేతికివ్వను. ఎవరికైనా అంతే."

"పాతది పారేస్తే ఎలాగమ్మా? అది స్టాకులో ఉంది. విరిగినా లెక్క చెప్పాలి."

"ముక్కలు మీకే ఇస్తాను. సంచిలో కట్టి లెక్కలో పెట్టుకోండి."

గుమాస్తా లోపలికెళ్లి సాహెబు సంతకం పట్టుకొచ్చాడు.

గురువారం పొద్దున వెలుతురు తిన్నగా పడే వేళకే పిన్ని పీట ముందు కూర్చుంది. ఇంటి సీలు మీద ఒక్క మాటే ఉంటుంది. దీనికి పైన వంపుగా ఆఫీసు పేరు, నడుమ రద్దు, కింద తేదీకి చోటు, సంతకానికి గీత కావాలి. తెలియనివాళ్లు అక్షరాలు కోయడమే కష్టమనుకుంటారు. కష్టమంతా ఖాళీ దగ్గర. తేదీ రాసుకునే చోట రబ్బరంతా ఒకే లోతున తవ్వాలి. ఎక్కడ మిట్ట మిగిలినా అక్కడ సిరా అంటుతుంది. తేదీ మీద మచ్చపడితే ఏ రోజు రద్దయిందో తెలీదు, ఏ రోజో తెలియని రద్దు మీద వకీళ్లు పదేళ్లు బతికేస్తారు.

బాబాయి వచ్చి వెలుతురికి అడ్డంగా నిలబడ్డాడు. "కన్నకూతురి పెళ్లి కాగితం రద్దు చేయడానికి సొంత చేత్తో సీలు కోసే తల్లిని నిన్నే చూశానే."

"అది చావందే కొత్తది పుట్టదన్నాడుగా. పక్కకి జరగండి."

"ఇరుగుపొరుగు వింటే ఏమనుకుంటారు?"

"మీరు చెబితేగా వినేది."

ఆయన జరిగాడు. మిరప చెక్కపిడిని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసింది. అల్లుడు డ్యూటీకి వెళ్తూ దారిలో ఆగి, ఏదైనా చేయనా అని అడిగాడు. పిడికి రబ్బరు అంటించాక ఒత్తిడి సమానంగా ఉండాలని పిన్ని చెబితే, తన పెట్టెలోంచి చిన్న బిగింపు పట్టీ తీసి, నాలుగు వైపులా ఒకే బిగువున తిప్పి ఇచ్చాడు. అతని చేతులవైపు పిన్ని ఒకసారి చూసి, తల ఊపింది. ఆమె పెద్దగా మెచ్చుకుంటే అంతే.

జిగురు ఆరాక, పాత వార్తాపత్రిక అంచు మీద మొదటి ముద్ర వేసింది. ఆఫీసు పేరులో ఒక సున్నా కడుపు నిండిపోయింది. బ్లేడు కొసతో మళ్లీ తవ్వింది. రెండో ముద్ర వేసి భూతద్దం పెట్టింది. మూడోది వేయలేదు.

మధ్యాహ్నం కిటికీ దగ్గర గుమాస్తా చూస్తుండగా పాత సీలు ముఖాన్ని అడ్డంగా, నిలువుగా కోసింది. కోసినదాన్ని ప్యాడు మీద అద్ది తెల్లకాగితం మీద ముద్ర వేసి చూపించింది. మచ్చలు తప్ప ఒక్క అక్షరమూ రాలేదు. ఆ కాగితం మీద గుమాస్తా చేత సంతకం పెట్టించి, ముక్కలు పొట్లం కట్టి అతనికే ఇచ్చింది. అప్పుడు కొత్త సీలు గుడ్డలోంచి తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చిత్తుకాగితం మీద ఒకటి వేశాడు. పెళ్లి కాగితం ముందుకి లాగి, మిరప వేసిన మరక పక్కన ఖాళీ చూసుకుని నెమ్మదిగా ఒత్తాడు. తేదీ రాశాడు, సంతకం పెట్టాడు. కొత్త ప్రతి తీసి మిరపకి, ఆమె మొగుడికి మధ్యగా చాపాడు. ఇద్దరూ చెరో అంచు పట్టుకున్నారు.

"నలపకండి," అంది పిన్ని వాళ్లవైపు చూడకుండా. డెలివరీ పుస్తకం తెరిచి, కొత్త సీలు ముట్టినట్టు సంతకం పెట్టాల్సిన చోటు గుమాస్తాకి వేలితో చూపించింది.